ఎనిమిది రోజుల సెలవులో ఐదున్నర ఉదయాలు

ప్రశ్న: జూలైలో మాకు ఎనిమిది రోజులు సెలవు దొరికింది. నేను, మావారు, ఆరేళ్ళ పాప, మా అత్తగారు వెళ్తున్నాం. అత్తగారికి అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. మాలో ఎవరమూ ఇంతవరకూ ఏ దీవికీ వెళ్ళలేదు. బాలి, మారిషస్, ఫుకెట్ మూడింటిలో ఒకటి అనుకుంటున్నాం. మావారు ఏ దీవికి ఆ దీవికి లిస్టు రాసిపెట్టారు, బాలి లిస్టులోనే పదకొండు చోట్లున్నాయి. "చిన్న దీవే కదా, నాలుగు హోటళ్ళు మారుతూ ఒక్కోవైపు రెండ్రోజులుంటే అన్నీ చూసేయొచ్చు" అంటారు. ఒక్కచోటే గది తీసుకుని, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే చాలని నా ఉద్దేశం. ఎవరిది కరెక్టు? గది ఎక్కడ తీసుకోవాలి? ఏ రోజు ఏం చూడాలి?

సమాధానం: మీరిద్దరూ సగం సగం కరెక్టే. అన్ని రోజులూ ఒక్కచోటే ఉంటే రోజూ సగం పొద్దు కారులోనే గడిచిపోతుంది. నాలుగు హోటళ్ళు మారితే పెట్టెలు సర్దడం, విప్పడం, రిసెప్షన్‌లో గది ఎప్పుడిస్తారా అని కూర్చోవడం, ఇదే సెలవైపోతుంది, అదీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడను, చిన్నపిల్లను వెంటేసుకుని. రెండు చోట్ల ఉండండి. మూడో హోటల్ మాట ఎవరెత్తినా ఒప్పుకోకండి. ఆ రెండు చోట్లు ఏవో చెబుతాను, ముందు ఏ దీవో తేల్చేద్దాం.

మూడింటిలో ఏది బాగుంటుందని అడిగితే నేను ఆలోచించాల్సి వచ్చేది. మీరు జూలై అన్నారు కాబట్టి తడుముకోకుండా బాలి అంటున్నాను. దీవిని ఎంచుకునేటప్పుడు ఫొటోల కంటే ముందు చూడాల్సింది నెలనే, ఎందుకంటే గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందన్నదాన్ని బట్టి ఒకే సముద్రం ఒక నెలలో చెరువులా ఉంటుంది, ఇంకో నెలలో దగ్గరికి కూడా రానివ్వదు. ఫుకెట్‌లో పేరున్న బీచ్‌లు, పటాంగ్, కరోన్, కాటా, అన్నీ పడమటి ఒడ్డునే ఉన్నాయి. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి తిన్నగా ఆ ఒడ్డుకే వచ్చి కొడుతుంది, అలలు పెద్దవవుతాయి, చాలా రోజులు ఎర్రజెండాలు ఎగురుతూనే ఉంటాయి. ఫొటోల్లో అందరూ చూసి మురిసిపోయే సిమిలాన్ దీవులనైతే మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా అసలు మూసే ఉంచుతారు. అక్కడికి ఎప్పుడైనా జనవరిలోనో ఫిబ్రవరిలోనో వెళ్ళండి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి జూలై వాళ్ళకు చలికాలం. ఆకాశం బాగుంటుంది, కొండల్లో తిరగడానికి మంచి నెల, కానీ ఆగ్నేయపు గాలి తూర్పు ఒడ్డు మీద గట్టిగా వీస్తుంది, నీళ్ళు కూడా చల్లగా ఉంటాయి. మీ పాప పావుగంటకే పళ్ళు టకటకలాడించుకుంటూ బయటికొస్తుంది. తప్పనిసరిగా మారిషసే అనుకుంటే గాలి తగలని పడమటి వైపు, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ చుట్టుపక్కల గది తీసుకోండి. బాలిలో జూలై పొడి కాలం, వానలు తక్కువ, ఉక్కపోత కూడా కొంచెం తక్కువే. ఇబ్బందల్లా జనం. జూలై, ఆగస్టు నెలల్లో ప్రపంచమంతా అక్కడికే వచ్చినట్టుంటుంది, అందుకని గదులు ఇప్పుడే చూసుకోండి.

ఇక మీవారి "చిన్న దీవే కదా" సంగతి. బాలి తూర్పు నుంచి పడమరకు సుమారు 140 కిలోమీటర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80. కాగితం మీద చిన్నదే. కానీ రోడ్లు చాలావరకు ఇరుకు, ఊళ్ళ మధ్య నుంచే వెళ్తాయి, మధ్యలో అగ్నిపర్వతాలు అడ్డం. ఎయిర్‌పోర్టు నుంచి కొండల వైపున్న ఉబుద్ ఊరికి 40 కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా గంటన్నర పట్టడం మామూలే. ఉత్తరాన డాల్ఫిన్ల కోసం వెళ్ళే లోవినా దాకా పోయి వచ్చారంటే ఆ రోజంతా ఘాట్‌రోడ్డులోనే అయిపోతుంది. అందుకని దీవిలో దూరాన్ని కిలోమీటర్లలో చూడకండి, గంటల్లో చూడండి. మీవారి లిస్టులోని ఒక్కో చోటునీ మ్యాప్‌లో పెట్టి, మీ గది నుంచి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే ఎంతసేపు పడుతుందో రాసుకోండి, దానికి ఇంకో సగం కలపండి. పిల్లకు వాంతి వచ్చినట్టుండటం, పెద్దావిడ కాసేపు దిగి నడుం వాల్చాలనడం, ఇవన్నీ ఆ సగంలోకి వస్తాయి. పోవడానికే రెండు గంటలు దాటే ప్రతి చోటునూ కొట్టేయండి. నాకు తెలిసి పదకొండు ఐదవుతాయి.

ఐదు చాలా అని మీవారు అడుగుతారు. సరిగ్గా ఐదే కావాలి, ఎందుకో లెక్క చూపిస్తాను.

వేడి దేశపు దీవిలో రోజంటే నిజానికి ఉదయమే. పొద్దున గాలి తక్కువ, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళలో అడుగు దాకా కనిపిస్తుంది. తొమ్మిది, పది దాటాక గాలి లేస్తుంది. కొండలైతే పొద్దున కడిగినట్టు కనిపించి, మధ్యాహ్నానికి మబ్బుల్లో మునిగిపోతాయి. పన్నెండు నుంచి మూడు దాకా ఎండ నెత్తి మీద నిలబడుతుంది, పిల్లలకు, పెద్దవాళ్ళకు ఆ టైమ్‌లో గదే మేలు. సాయంత్రం అనుకుంటే, జూలైలో బాలిలో ఆరుంపావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, ఆ తర్వాత అరగంటలో చిమ్మచీకటి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి మనం అనుకునేంత సంధ్యవేళ ఉండదు. కాబట్టి ఒక ఉదయానికి ఒక పని. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ ఏం మిగిలినా అది లాభం.

ఇప్పుడు మీ ఎనిమిది రోజుల్లో ఉదయాలెన్నో లెక్కపెట్టండి. దిగే రోజు పోయింది, తిరుగు ప్రయాణం రోజు పోయింది. మధ్యలో ఆరు ఉదయాలు మిగిలాయి. హోటల్ మారే రోజు సగమే లెక్క. అంటే ఐదున్నర. మీవారి పద్ధతిలో నాలుగు హోటళ్ళు మారితే మారడాలు మూడు, మిగిలేది నాలుగున్నర, అదీ అలిసిపోయిన ఉదయాలు. ఈ లెక్క ఆయనకు చూపించండి, గొడవ అక్కడితో తీరిపోతుంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

గదులు ఎక్కడంటే, మొదటి మూడు రాత్రులు ఉబుద్‌లో, తర్వాతి నాలుగు రాత్రులు సనూర్‌లో. ముందు కొండ, తర్వాత సముద్రం. ఇలాగే ఎందుకంటే ఎయిర్‌పోర్టు దక్షిణాన ఉంది, సనూర్ దానికి దగ్గర, తిరుగు ప్రయాణం రోజు ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. ఏ దీవికి వెళ్ళినా ఆఖరి రాత్రి ఎయిర్‌పోర్టున్న వైపే పడుకోండి, ఇది మాత్రం ఎప్పుడూ తప్పకండి. సముద్రం దగ్గర నాలుగు రాత్రులు ఎందుకంటే పడవ ప్రయాణం వాయిదా పడితే మళ్ళీ వెళ్ళడానికి చోటుండాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదే. నేను మొదటిసారి ఒక దీవికి వెళ్ళినప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా ఎదురుచూసిన పగడపు దిబ్బల ట్రిప్పును బాగుంటుంది కదా అని ఆఖరికి అట్టేపెట్టుకున్నాను. ఆ రోజు పొద్దున ఐదున్నరకు జెట్టీ దగ్గర తువ్వాలు, మాస్కు పట్టుకుని నిలబడ్డాం. పడవాయన వచ్చి సముద్రం వైపు ఒకసారి చూసి, ఇవాళ లేదన్నాడు. మర్నాడు మధ్యాహ్నం విమానం. అంతే. అంతకుముందు మూడు రోజులూ ఆ సముద్రం అద్దంలా ఉంది, మేం ఆ మూడు రోజులూ బజార్లు తిరిగాం. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. సముద్రం మీద చేసే పని ఏదైనా సరే, సముద్రం ఒడ్డుకు చేరిన మర్నాడు ఉదయమే పెట్టుకోండి. ఆ రోజు కుదరకపోతే మర్నాడు, అదీ కాకపోతే ఆ మర్నాడు.

సనూరే ఎందుకు, కుటాలో ఎందుకు కాదంటారేమో. కుటా వైపు అలలు నేరుగా వచ్చి విరుగుతాయి, అలల మీద పలకలేసుకుని ఆడేవాళ్ళకు అది పండగే గానీ ఆరేళ్ళ పిల్లకు కాదు. సనూర్‌కు ముందు సముద్రంలో పగడపు దిబ్బ గోడలా అడ్డంగా ఉంది, అలలు అక్కడే విరిగిపోయి ఒడ్డుకు చిన్నచిన్న నీటి మడతలే వస్తాయి. ఒడ్డు వెంబడి కిలోమీటర్ల కొద్దీ చదునైన బాట ఉంది, నీడ ఉంది. మీ అత్తగారు మెట్టు ఎక్కకుండా, దిగకుండా ఎంతసేపైనా నడవచ్చు, అలసిపోతే కూర్చోవచ్చు. నుసా దువా కూడా ఇలాంటిదే, అక్కడ పెద్ద రిసార్టులు ఎక్కువ, గేటు దాటి బయట ఊరు చూద్దామంటే తక్కువ. నా ఓటు సనూర్‌కే.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళండి. పగడపు దిబ్బ అడ్డమున్న ఒడ్డున ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. నా మొదటి దీవిలో, గడప ముందే సముద్రమున్న ఫొటో చూసి గది తీసుకున్నాను. పొద్దున తలుపు తీస్తే సముద్రం లేదు! నల్లటి రాళ్ళు, వాటి మధ్య పచ్చటి నాచు, ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా అల. ఏదో అయిందనుకుని కంగారుపడ్డాను. ఆటుపోట్లంటే పుస్తకంలో చదువుకున్నదే, కళ్ళతో చూడటం అప్పుడే. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు, ఆ సమయాలు రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు నీటికీ ఆటు నీటికీ ఎత్తులో తేడా బాగా ఎక్కువ. అంటే ఇవాళ పదింటికి నీళ్ళు నిండుగా ఉంటే రేపు పదీ యాభైకి ఉంటాయి. సనూర్ పేరు కొట్టి ఆటుపోట్ల టైమ్‌టేబుల్ అని వెతికితే మీరు వెళ్ళే తేదీలకు దొరుకుతుంది. పాపను నీళ్ళలోకి ఎప్పుడు దింపాలో, ఇసుకలో ఎప్పుడు ఆడించాలో అది చూసి పెట్టుకోండి. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడవనివ్వకండి, ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న బంతుల్లాంటి సముద్రపు ప్రాణులు రాళ్ళ సందుల్లో ఉంటాయి, ఆ ముల్లు విరిగిందంటే తీయడం చాలా కష్టం.

గది బుక్ చేసేటప్పుడు హోటల్ వాళ్ళు పెట్టిన ఫొటోలు పక్కనపెట్టి, ఉండి వెళ్ళినవాళ్ళు పెట్టినవి చూడండి. తక్కువ మార్కులిచ్చిన రివ్యూలు ముందు చదవండి, అందులోనూ పోయిన ఏడాది జూలైలో రాసినవి. పక్కన బిల్డింగ్ పని, రాత్రి మ్యూజిక్ హోరు, ఏసీ కింద బూజు మరక, ఇలాంటివన్నీ అక్కడే బయటపడతాయి. "బీచ్ దగ్గర" అని రాస్తే మధ్యలో మెయిన్‌రోడ్డు ఉండొచ్చు, ఉపగ్రహ చిత్రంలో పెద్దది చేసి చూడండి. "సముద్రం కొంత కనబడుతుంది" అంటే బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పాలని అర్థం, దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఉబుద్‌లో ఇంకో చిక్కుంది, మీకు ఇదే ముఖ్యం. అక్కడి అందమైన విల్లాలు చాలావరకు లోయ అంచున కట్టినవి. రిసెప్షన్ పైన ఉంటుంది, గది వంద మెట్ల కింద ఉంటుంది. ఫొటోలో పచ్చటి లోయ కనబడుతుంది గానీ ఆ మెట్లు కనబడవు. మీ అత్తగారు ఒకసారి కిందికి దిగితే మళ్ళీ పైకి రానంటారు. కాబట్టి బుక్ చేసేముందు హోటల్‌కు మెసేజ్ పెట్టి సూటిగా అడగండి, కారు దిగినచోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయి అని. జవాబును రాతలోనే తెప్పించుకోండి. స్నానాల గదికి పైకప్పు ఉందో లేదో కూడా అడగండి, చాలాచోట్ల ఆకాశం కిందే కడతారు, చూడటానికి బాగుంటుంది కానీ అర్ధరాత్రి పాప లేస్తే పురుగూ పుట్రా భయం. విల్లాలో సొంత ఈతకొలను ఉంటే దానికి తలుపో కంచో ఉండాలి. అది లేని గది ఎంత బాగున్నా వదిలేయండి, ఈ ఒక్క విషయంలో నేను ఏమాత్రం రాజీపడను. కిటికీలకు దోమతెర ఉందేమో చూడండి, డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి రాత్రికి మాత్రమే జాగ్రత్తపడితే సరిపోదు. నలుగురికీ ఒకే పెద్దగది కంటే మధ్యలో తలుపున్న రెండు గదులు నయం, ఆవిడ తొమ్మిదింటికి పడుకుంటారు, మీరు పడుకోరు. బట్టలు ఆరేసుకునే బాల్కనీ కూడా ఉండాలి. సముద్రం పక్కన ఈత దుస్తులు గదిలో ఎంతకీ ఆరవు, మర్నాడు ఆ తడి బట్టలే పాపకు వెయ్యాలంటే అది ఏడుస్తుంది.

రాత్రిపూట విమానం దిగి తెల్లవారుజామున హోటల్ చేరేటట్టయితే ముందు రాత్రి నుంచే గది తీసుకోండి. గది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో ఇస్తారు, నిద్రలేని పిల్లతో ఎనిమిది గంటలు లాబీలో కూర్చోవడం మాటలు కాదు. రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయండి, కొద్దిగా ఎక్కువైనా సరే.

ఇప్పుడు ఆ ఐదున్నర ఉదయాలు. మొదటిది, దిగిన మర్నాడు, ఉబుద్‌కు దగ్గర్లోని తెగల్లలాంగ్ మెట్ల పొలాలు. ఎనిమిదింటికల్లా అక్కడుండండి, బస్సులు వచ్చేలోపు వచ్చేయొచ్చు. ఆవిడ పైన నీడలో కూర్చుని చూస్తారు, మీరు పాపతో కిందికి దిగిరండి. కొండవాలుకు పొలాన్ని మెట్లుమెట్లుగా కోసి, ఆ మెట్టు నీళ్ళు ఈ మెట్టుకు వదిలే పద్ధతి వాళ్ళది. రైతులంతా కలిసి నీళ్ళు పంచుకునే ఆ ఏర్పాటును సుబాక్ అంటారు, దాన్ని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. రెండోది కింటామణి. బటూర్ అగ్నిపర్వతం, దాని పక్కన సరస్సు, కారు దిగగానే ఎదురుగా కనిపిస్తాయి, ఒక్క మెట్టూ ఎక్కక్కర్లేదు. పెందలాడే వెళ్ళాలి, మబ్బు పట్టిందంటే తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. ఎత్తు మీద చలిగా ఉంటుంది, అందరికీ తలా ఒక స్వెట్టర్ పెట్టుకోండి. తిరిగొచ్చే దారిలో తీర్థ ఎంపుల్ గుడి, ఊట నీళ్ళ కోనేరు. మూడో పొద్దు హోటల్ మారడానికి. పాపను ఆడుకోనివ్వండి, పదకొండింటికి బయల్దేరండి, దారిలో ఆపి ఇంకేదో చూపిస్తానని డ్రైవర్ అన్నా వద్దనండి.

మర్నాడు, సనూర్‌లో మొదటి ఉదయం, పడవ. అందరూ నుసా పెనిడా దీవి అంటారు, మీవారి లిస్టులో కూడా అదే ఉండుంటుంది. ఈసారికి అది వద్దు. అక్కడి కొండ అంచులు అద్భుతం, కానీ చూడాల్సినవి దూరదూరంగా, ఎత్తుపల్లాల రోడ్ల మీద ఉన్నాయి, మోకాళ్ళకు ఆ కుదుపు పడదు. అక్కడి కెలింగ్‌కింగ్ బీచ్‌కు కిందికి దిగే దారి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే గుండె దడ. పెనిడా పక్కనే ఉన్న నుసా లెంబోంగన్ దీవికి వెళ్ళండి. చిన్నది, నెమ్మదైనది, మడ అడవిలో చిన్న పడవ మీద తిరగొచ్చు, చేపలు చూడొచ్చు. సనూర్‌లో 2022లో రేవు కట్టాక ఎక్కడం సులువైంది. అవతల దిగేటప్పుడు మోకాలి లోతు నీళ్ళలో దిగాల్సి రావచ్చు, అది ముందే అడగండి. ఇటువైపు నుంచి పొద్దున మొదటి పడవ ఎక్కండి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆఖరి పడవకు పెట్టుకోకండి, అది రాకపోతే రాత్రికి అక్కడే. స్పీడ్‌బోట్‌లో ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయని సంబరపడి కూర్చోకండి, అల మీద నుంచి పడవ పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బంతా ముందువాళ్ళ నడుముకే, ఆవిడను వెనక వరసలో కూర్చోబెట్టండి. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, పాపకు ఏది ఎంత ఇవ్వాలో మీ డాక్టర్‌ను ఇక్కడే అడిగి తీసుకెళ్ళండి. పాప సైజు లైఫ్‌జాకెట్ ఉందా అని బుకింగ్‌లోనే అడగండి, పెద్దవాళ్ళది పిల్లకు తొడిగితే నీళ్ళలో తల మీదుగా ఊడొస్తుంది.

చేపలు చూడటానికి నీళ్ళ మీద బోర్లా తేలుతారు కదా, ముఖం చల్లగానే ఉంటుంది, ఎండ తెలియదు. రాత్రికి తెలుస్తుంది. మోకాళ్ళ వెనక, మెడ వెనక, పిక్కల మీద ఎర్రగా కాలి, దుప్పటి అంచు తగిలినా మంట. పొడుగుచేతుల ఈత చొక్కా, మోకాళ్ళ కిందిదాకా ఉండే నిక్కరు వేసుకుంటే సన్‌స్క్రీన్ క్రీము పని సగం తగ్గుతుంది. క్రీము కొనేటప్పుడు ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు లేనిది తీసుకోండి. పగడాలకు హాని చేస్తాయని హవాయిలో 2021 నుంచి వాటి అమ్మకం ఆపేశారు, థాయ్‌లాండ్ సముద్ర పార్కుల్లో కూడా అదే ఏడాది నిషేధించారు. పగడం రాయిలా కనిపిస్తుంది కానీ ప్రాణమున్నది, దాని మీద నిలబడకూడదని పాపకు ముందే చెప్పండి. పిల్లలు ఇలాంటివి మనకంటే బాగా పాటిస్తారు.

సనూర్‌లో రెండో ఉదయం ఖాళీ. నిజంగానే ఖాళీ, టైమ్‌టేబుల్ చూసుకుని పోటు వేళకు నీళ్ళలో దిగడమొక్కటే పని. పడవ వాయిదా పడితే ఈ రోజే వాడుకుంటారు. మూడో ఉదయం కూడా విశ్రాంతే, ఎందుకంటే ఆ సాయంత్రం ఉలువాటు. సముద్రానికి నిలువుగా దిగే కొండ అంచున గుడి, సూర్యాస్తమయం, పదుల మంది కూర్చుని గొంతులతోనే తాళం వేస్తూ చేసే కెచక్ రామాయణం. పాపకు హనుమంతుడు కనిపిస్తాడు, మీ అత్తగారికి కథ ఎవరూ చెప్పక్కర్లేదు. మూడున్నరకల్లా సనూర్ వదలండి. అక్కడి కోతులు కళ్ళజోళ్ళు లాక్కుపోవడంలో ఆరితేరినవి, ఆవిడ కళ్ళజోడు లోపలికి వెళ్ళేముందే తీసి మీ బ్యాగులో వేసి జిప్ పెట్టేయండి.

లెంపుయాంగ్ గుడి గేట్ల ఫొటో మీ లిస్టులో ఉంటే కొట్టేయండి. పోవడానికి రెండు గంటలపైనే, ఫొటో కోసం లైన్లో ఇంకా ఎక్కువ. ఆ ఫొటోలో గేట్ల కింద కనిపించే నీళ్ళు నీళ్ళు కావు, కెమెరా కింద అద్దం పెట్టి తీస్తారు.

మీవారికి స్కూబా మీదా, బటూర్ ఎక్కడం మీదా మనసుంటే ఆయన్ను ఆపకండి, కానీ వరస మాత్రం తప్పకూడదు. 1,717 మీటర్ల బటూర్ మీద సూర్యోదయం చూడాలంటే ఉబుద్‌లో రాత్రి రెండింటికి బయల్దేరాలి. ఆయన ఒక్కరే ఆ మూడోపొద్దున వెళ్ళి పదింటికి వచ్చేయొచ్చు. స్కూబా ఆ తర్వాత, సనూర్‌లో ఖాళీ ఉంచిన రెండో రోజున. సముద్రంలో లోతుకు దిగి వచ్చాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఈలోపు విమానమెక్కినా ఎత్తైన కొండెక్కినా ప్రమాదం. ఒకటికి రెండుసార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగమంటారు. తిరుగు ప్రయాణానికి ముందురోజు స్కూబా పెట్టుకుంటే మాత్రం నేను ఊరుకోను.

తిరగడానికి రోజంతా కారు, డ్రైవర్‌తో మాట్లాడుకోండి. ఎన్ని గంటలు, ఏయే చోట్లు అన్నది ముందే రాతలో అనుకోండి. స్కూటర్ అద్దెకు తీసుకుందామని మీవారికి అనిపించవచ్చు. మోటార్‌సైకిల్‌కు చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే ప్రయాణ బీమా కంపెనీ పైసా ఇవ్వదు, ఇంకా తగిలిన దెబ్బలు వేరే.

ఒక్క మాట అడగాలి. మీ ఉత్తరంలో మీవారికి ఏం కావాలో ఉంది, మీకు ఏం కావాలో ఉంది. మీ అత్తగారి గురించి వయసు, మోకాళ్ళు తప్ప ఏమీ లేదు. ఆవిడకు పడవ ఎక్కాలనుందో, భయమో, సముద్రంలో కాళ్ళు తడుపుకుని ఒడ్డున కూర్చోవడమే ఇష్టమో మనకు తెలియదు. డబ్బు కట్టేముందు, ఏదో ఒక రాత్రి భోజనాలయ్యాక ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో ఈ చోట్ల ఫొటోలు ఒక్కొక్కటీ చూపించండి. పడవ వద్దంటే ఆ ఉదయం ఆవిడా మీరూ సనూర్ ఒడ్డున ఉండిపోండి, తండ్రీకూతుళ్ళు లెంబోంగన్ వెళ్ళొస్తారు. పడవకు రెండు టికెట్లు కొనాలో నాలుగు కొనాలో ఆ రాత్రే తేలిపోతుంది.